కొలిస్తే నిందించినట్టేనా?

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నం గురించి కొన్ని వ్రతాలు చెబుతుంది. అన్నాన్ని నిందించకూడదు, తోసిపుచ్చకూడదు, సమృద్ధిగా పండించాలి, ఇంటికొచ్చినవాణ్ని కాదనకూడదు. భృగువు తపస్సు చేసి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. ఆ తర్వాత ప్రాణం, మనసు, విజ్ఞానం, ఆనందం దాకా ఎక్కాడు. అంత ఎత్తుకు తీసుకెళ్లిన ఉపనిషత్తు మళ్లీ కిందికి దిగొచ్చి కంచం దగ్గర కూర్చుని ఈ వ్రతాలు చెప్పడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

నా ఉద్యోగం అన్నంలో దోషం వెతకడం. హైదరాబాద్‌లో ఒక ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పుట్టిల్లు మిర్యాలగూడ, మెట్టినిల్లు కోదాడ. పండక్కి వెళ్లినప్పుడల్లా సూర్యాపేట మీదుగా వెళ్తాను. ఒక సంక్రాంతికి మా అత్తమ్మ సకినాలు కాలుస్తుంటే పక్కన కూర్చున్నాను. ఒక వాయి కాస్త ఎర్రబడగానే మంట తగ్గించమన్నాను. ఎందుకని అడిగింది. ల్యాబ్‌లో నేను కొలిచే అక్రిలమైడ్ గురించి నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. ఆమె అంతా విని, కోపం లేకుండా ఒక మాట అన్నది: “బిడ్డా, తినేదాన్ని అనుమానంగ చూస్తే అది ఒంటికి పట్టదు. అన్నం మీద నింద ఎయ్యొద్దు.”

అత్తమ్మ ఉపనిషత్తులు చదవలేదు. కానీ ఆమె చెప్పింది భృగువల్లి చెప్పిన వ్రతమే. అందుకే ఆ మాటను పాతకాలం మాట అని పక్కన పెట్టలేకపోయాను. రోజూ తినే తిండిలో విషం ఎంతుందో కొలిచి చెప్పడం అన్నాన్ని నిందించడమేనా? కొలవకుండా కళ్లు మూసుకుని తినడం భక్తా? నాకు జీతం ఇచ్చే పని ధర్మమా కాదా అన్నది ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ముందు అక్రిలమైడ్ విషయం చెప్పాలి. 1997లో స్వీడన్ దక్షిణాన హాలాండ్‌సోస్ కొండ కింద రైలు సొరంగం తవ్వుతున్నారు. లోపలికి నీళ్లు ఊరకుండా రాతి పగుళ్లలోకి ఎక్కించిన రసాయనంలోంచి అక్రిలమైడ్ చుట్టుపక్కల వాగుల్లోకి చేరింది. చేపలు చచ్చాయి. ఆ నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పట్టుతప్పి కూలబడ్డాయి. సొరంగంలో పనిచేసినవాళ్ల రక్తం పరీక్షించారు. పోల్చి చూడటానికి, ఆ సొరంగం ముఖం ఎన్నడూ చూడనివాళ్ల రక్తం కూడా తీసుకున్నారు. వాళ్ల హీమోగ్లోబిన్‌కు కూడా కొంత అక్రిలమైడ్ అంటుకుని ఉంది. సొరంగం దగ్గరికే పోనివాళ్లకు అదెక్కడిది? స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో మార్గరెటా టోర్న్‌క్విస్ట్ బృందం ఆ ప్రశ్నను వదల్లేదు. ఎలుకలకు వేయించిన మేత పెట్టి చూశారు. వాటి రక్తంలో అది పెరిగింది. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార సంస్థతో కలిసి లోకానికి చెప్పారు: ఇది ఫ్యాక్టరీలోంచే కాదు, వంటింట్లోంచి కూడా వస్తోంది. బంగాళాదుంప చిప్స్, రొట్టె, బిస్కెట్, కాఫీ, అన్నింట్లో ఉంది. అక్రిలమైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే మనిషికి బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చి ఉండటంతో ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

అది ఎలా పుడుతుందో 2002 అక్టోబరులోనే తేలింది. గింజల్లో, దుంపల్లో సహజంగా ఉండే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలున్నాయి. తడి ఆరిపోయి వేడి 120 డిగ్రీలు దాటితే ఈ రెండూ కలిసి ఎర్రదనం, కమ్మటి వాసన, రుచి పుట్టిస్తాయి. ఆ దారిలోనే ఒక పాయగా అక్రిలమైడ్ కూడా పుడుతుంది. అంటే వేపుడుకు రుచినిచ్చే చర్యా దోషాన్నిచ్చే చర్యా ఒకటే. ఉడికించిన తిండిలో ఇది దాదాపు ఉండదు. నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మా మిర్యాలగూడ మిల్లుల్లో వడ్లను నానబెట్టి ఆవిరి పట్టి తీసే ఉప్పుడు బియ్యం మీద ఈ విషయంలో భయం అక్కర్లేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామి జాతరకు ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని వెళ్లే బోనంలోని అన్నం మీదా అక్కర్లేదు.

ఇక కొలత. కాఫీ పొడి రెండు గ్రాములు తూచుతాం. అందులో మామూలు కార్బన్ బదులు బరువైన కార్బన్‌తో తయారుచేసిన అక్రిలమైడ్‌ను, ఎంతో తెలిసిన పరిమాణంలో, చుక్కగా వేస్తాం. నీళ్లు పోసి బాగా ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని చిన్న గొట్టంలాంటి కార్ట్రిడ్జ్‌లోంచి పంపి శుభ్రం చేసి, అణువులను వాటి బరువును బట్టి పట్టే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రానికి ఇస్తాం. యంత్రంలో తిండిలోని అక్రిలమైడ్ 72 దగ్గర, మేము వేసినది 75 దగ్గర పట్టుబడతాయి. అక్కడ వాటిని విరిస్తే 55, 58 ముక్కలవుతాయి. వడపోతలో ఎంత పోయినా రెండూ సమపాళ్లలో పోతాయి కాబట్టి వాటి నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తి నుంచే కిలోకు ఎన్ని మైక్రోగ్రాములో లెక్కగడతాం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. కాఫీ దీనికి చాలా కష్టమైన పదార్థం. వేయించిన గింజలో వందలాది పదార్థాలు పుడతాయి, వాటిలో కొన్ని అదే చోట అడ్డం వస్తాయి. అందుకే నివేదికలో సంఖ్య పక్కన ఇంత అటూ ఇటూ అని అనిశ్చితి కూడా రాయాలి. ఆ రెండో అంకె రాయకుండా మొదటి అంకె ఒక్కటే ఇవ్వడం నా దృష్టిలో అబద్ధం చెప్పడమే.

ఇక్కడ ఒకటి గమనించాలి. అక్రిలమైడ్‌ను నేను ఎన్నడూ చూడలేదు. కాఫీలో దానికి రంగు లేదు, వాసన లేదు. తెర మీద ఒక శిఖరం లేస్తుంది, దాని నుంచి ఆ పదార్థం ఉందని ఊహిస్తాను. నైయాయికులు కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని తెలుసుకోవడాన్ని అనుమాన ప్రమాణం అన్నారు. మా ల్యాబ్ అంతా ఆ ప్రమాణం మీదే నడుస్తుంది. చార్వాకులు ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోలేదు. కంటికి కనబడనిదాన్ని లెక్కచేయనక్కర్లేదన్నది ఈ రోజుల్లోనూ చాలామంది నమ్మకం: “మా తాతలు తినలేదా, బతకలేదా?”

ఈ మాట ఇంకెక్కడైనా అనొచ్చేమో, పాత నల్లగొండ జిల్లాలో మాత్రం అనకూడదు. సూర్యాపేట, కోదాడ 2016 అక్టోబరు దాకా ఆ జిల్లాలోవే. తేటగా, చల్లగా ఉన్న బోరునీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దవాళ్ల నడుములు వంగాయి, మోకాళ్లు బిగుసుకుపోయాయి. మునుగోడు, మర్రిగూడ వైపు ఒక తరం తరువాత మరో తరం అలా వంకర తిరిగిపోయింది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ కనబడదు, వాసన రాదు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నీళ్లను ల్యాబ్‌కు తెచ్చి కొలిచాకే అది దేవుడి శాపం కాదని, రాతిలోంచి ఊరినదని రూఢి అయింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మేలని, ఒకటిన్నర దాటితే తాగకూడదని హద్దు పెట్టారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పద్ధతి ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది, మా జిల్లా పేరుతోనే, నల్లగొండ విధానం అని. మా నేల పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది ఇలా. గర్వపడాలో ఏడవాలో తెలియని గుర్తింపు ఇది.

ఆ నీళ్లను కొలిచినవాళ్లు నీళ్లను నిందించారా? గంగమ్మను అవమానించారా? లేదు. నీటిని మనిషికి మళ్లీ తాగే నీరుగా ఇవ్వడానికి కొలిచారు. కొలవని రోజుల్లోనే నిజమైన నింద జరిగింది. బిగుసుకుపోయిన పిల్లవాణ్ని చూసి పూర్వజన్మ పాపమన్నారు, తల్లిని తప్పుపట్టారు. ఉన్న దోషాన్ని ఉన్నచోట చూపించకపోతే అది లేనిచోట, సాధారణంగా నోరులేనివాళ్ల నెత్తిన, పడుతుంది. అత్తమ్మ ప్రశ్నకు నా జవాబులో మొదటి భాగం ఇదే.

రెండో భాగం అంత తేలిక కాదు. ఫ్లోరైడ్‌కూ అక్రిలమైడ్‌కూ తేడా ఉంది. ఫ్లోరైడ్ రాతిలో ఉంది, నీళ్లలోకి దిగింది, మనం ఏం చేసినా చేయకపోయినా అది అక్కడ ఉంది. అక్రిలమైడ్ ఎక్కడుంది? పచ్చి కాఫీ గింజలో లేదు. బియ్యప్పిండిలో లేదు. దుంపలో లేదు. మంటలోనూ లేదు. నూనెలో వెతికినా దొరకదు. ఆస్పరాజిన్, చక్కెర ఒక వేడి దగ్గర, ఒక ఆరుదనం దగ్గర, కొంతసేపు కలిసినప్పుడు అది పుడుతుంది. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా పుట్టదు.

ఈ సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు గుర్తొస్తాడు. ఆయన నివసించాడని సంప్రదాయం చెప్పే కొండ మా మిర్యాలగూడకు దూరం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు నీళ్లలో ఆ కొండ చుట్టూ ఉన్న లోయ మునిగింది, అదే నీళ్లు ఎడమ కాలువ వెంట వచ్చి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడిపాయి. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలున్నాయి. అక్కడి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. మూలమాధ్యమకకారికలో నాగార్జునుడు పట్టుబట్టి చెప్పేది ఇది: ఏ వస్తువుకూ తనదంటూ విడిగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ కారణాలూ పరిస్థితులూ కూడితే పుడుతుంది, విడిపోతే పోతుంది. ఆయన మాట్లాడింది రసాయనశాస్త్రం కాదు, దుఃఖం గురించి, ముక్తి గురించి. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఈ చూపు లేకపోతే అక్రిలమైడ్ గురించి సరిగా మాట్లాడటం కూడా కుదరదని నా అభిప్రాయం.

కాఫీనే చూడండి. గింజను వేయిస్తున్నప్పుడు మొదటి నిమిషాల్లో అక్రిలమైడ్ త్వరగా పెరుగుతుంది. వేపుడు ఇంకా సాగితే, అదే వేడి దాన్ని విరగ్గొడుతుంది కూడా. అందుకే లేతగా వేయించిన కాఫీలో ఎక్కువ, బాగా నల్లగా వేయించినదాంట్లో తక్కువ. దుంప చిప్స్‌లో సరిగ్గా దీనికి విరుద్ధం: ఎర్రబడేకొద్దీ పెరుగుతుంది. నలుపంతా విషమని గుడ్డిగా సూత్రం చేసుకుంటే కాఫీ దగ్గర తప్పుతుంది. కాఫీ పొడిని నెలల తరబడి డబ్బాలో ఉంచినా తగ్గుతుంది. దుంపలను ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం చక్కెరగా మారి, తర్వాత వేయించినప్పుడు ఎక్కువ పుడుతుంది. కోసిన ముక్కలను నీళ్లలో నానబెడితే చక్కెర కొంత కారిపోయి తక్కువ పుడుతుంది. బియ్యప్పిండిలో ఆస్పరాజిన్ దుంపలో ఉన్నంత ఉండదు, కాబట్టి సకినం చిప్స్ ముక్కతో సమానం కాదు. మిర్చి బజ్జీ లోపలి భాగం తడిగా ఉంటుంది, అక్కడ వేడి నూరు దాటదు. పై పొర దగ్గరే చర్య జరుగుతుంది.

అన్నాన్ని నిందించడమంటే దోషాన్ని ఆ పదార్థం స్వభావంగా చెప్పడం. కాఫీ విషం, వేపుడు విషం, అంటే అది నింద. ఈ వేడిలో, ఇంతసేపు, ఈ గింజతో ఇంత పుట్టింది అని చెబితే నింద కాదు. ఆ మాటలో మార్చుకోవడానికి చోటుంది. మనిషి విషయంలోనూ ఇదే తేడా: మన పెద్దలు దీన్ని పాటించినచోట చేసిన పనినే తప్పన్నారు, మనిషి పుట్టుకే తప్పు అన్నచోట అధర్మం మొదలైంది.

కొలత నింద అయ్యే సందర్భం ఇంకొకటుంది. సంఖ్యను దాని బరువు లేకుండా వదిలేయడం. కాలిఫోర్నియాలో కాఫీ అమ్మేవాళ్లు క్యాన్సర్ హెచ్చరిక పెట్టాలని 2018లో ఒక కోర్టు తేల్చింది. అక్రిలమైడ్ ఉన్నమాట నిజమే. కానీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో కాఫీని మొత్తంగా పరిశీలించి, దాన్ని క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేమని, కాలేయ, గర్భాశయ లోపొర క్యాన్సర్లు కాఫీ తాగేవాళ్లలో తక్కువగా కనబడుతున్నాయని చెప్పింది. చివరికి 2019లో కాలిఫోర్నియా ప్రభుత్వమే కాఫీకి ఆ హెచ్చరిక అక్కర్లేదని నిబంధన తెచ్చింది. ఒక అణువు చరిత్ర మొత్తం పానీయం చరిత్ర కాదు.

బరువు ఎంతో చెబుతాను. ఐరోపా సమాఖ్య 2017 నిబంధనలో వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీకి 850, దుంప చిప్స్‌కు 750, ఒట్టి చికోరీ పొడికి 4000 ప్రమాణ స్థాయిలుగా పెట్టింది. కప్పుకు ఏడు గ్రాముల పొడి అనుకుంటే, 400 స్థాయి కాఫీలో సుమారు 3 మైక్రోగ్రాములు. 750 స్థాయిలో ఉన్న 25 గ్రాముల చిప్స్ ప్యాకెట్‌లో దాదాపు 19. మన ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ సగానికి దగ్గరగా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, ఆ కప్పు లెక్క పెరుగుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఎలుకల ప్రయోగాల నుంచి తీసుకున్న సూచిక, అంటే వాటిలో కణుతులు కొంత పెరగడం కనబడే మోతాదు, శరీర బరువులో కిలోకు రోజుకు 170 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి అది 10,200. మనం తినే పదులకూ ఆ పదివేలకూ మధ్య దూరం వందల రెట్లు. అయితే జన్యువులను దెబ్బతీసే క్యాన్సర్ కారకాల విషయంలో శాస్త్రవేత్తలు కోరేది పదివేల రెట్ల దూరం. కాబట్టి భయపడి కంచం వదిలి లేవాల్సినంత లేదు, పట్టించుకోకుండా ఉండాల్సినంత తక్కువా కాదు. మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో తిండిలోని అక్రిలమైడ్‌కూ క్యాన్సర్‌కూ నిలకడైన సంబంధం ఇప్పటిదాకా కనబడలేదు. ఇవన్నీ కలిపి చెప్పినప్పుడే నేను నిజం చెప్పినట్టు.

పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. శరీర బరువు తక్కువ కాబట్టి అదే చిప్స్ ప్యాకెట్ 15 కిలోల పిల్లవాడికి పెద్దవాళ్ల కన్నా నాలుగింతలవుతుంది. ఐరోపా లెక్కల్లోనూ కిలో బరువుకు ఎక్కువ తింటున్నది పసిపిల్లలే. ఏం తినాలో వాళ్లు ఎంచుకోలేరు, పెట్టింది తింటారు.

ధర్మం ఎవరి మీద ఉందో ఇక్కడ తేలుతుంది. కారణాల కూడిక వల్ల దోషం పుడుతుందంటే బాధ్యత గాలికి పోయినట్టు కాదు. ఆ కూడికలో మార్చగలిగేది ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరికి వస్తుంది. హైదరాబాద్‌కూ విజయవాడకూ ఇంచుమించు సగం దారిలో ఉన్న సూర్యాపేటలో రాత్రీ పగలూ బస్సులు ఆగుతాయి. దిగిన ప్రయాణికుడికి పావుగంట టైముంటుంది, ఆకలి ఉంటుంది, కడాయిలో ఏముందో అదే తింటాడు. లారీ డ్రైవర్‌కు కోదాడ దాటేలోపు ఇంకో చోటు దొరకకపోవచ్చు. హాస్టల్ పిల్లలకు మెనూ మీద మాట లేదు. తినేవాడి చేతిలో దాదాపు ఏమీ లేదు, కడాయి ముందు నిలబడ్డవాడి చేతిలో మంట ఉంది, సమయం ఉంది, రంగు ఉంది. వేయించిన నూనెలో, మళ్లీ మళ్లీ కాచినకొద్దీ పెరిగే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి మన దేశంలో చట్టం ఉంది. ఆ నూనె సంగతి వేరు, అక్రిలమైడ్ సంగతి వేరు, కానీ రెండింటికీ కావలసిన శ్రద్ధ ఒకటే. ఇంటికొచ్చినవాణ్ని కాదనకూడదన్న భృగువల్లి వ్రతం హోటల్ గల్లాకు కూడా వర్తిస్తుందని నేను నమ్ముతాను. వచ్చినవాడికి పెట్టడంతో ఆ వ్రతం తీరదు, పెట్టేది ఎలా వండామన్నదీ అందులో భాగమే.

ఇదంతా అత్తమ్మతో ఒకేసారి చెప్పలేదు. ఆమెకు చెప్పింది చిన్న మాట: “సకినంలో దోషం లేదత్తమ్మా. మంటకూ ఓపికకూ నడుమ ఉన్నది.” ఆమె కాసేపు ఆలోచించి, “మా అమ్మ గూడ సన్న సెగ మీదనే కాల్చేది, ఎర్రబడ్డయి పక్కకు తీసేది. ఎందుకో మాకు చెప్పలే” అన్నది. ఆ అమ్మమ్మకు ఆస్పరాజిన్ తెలియదు. సన్న సెగ మీద ఓపిగ్గా కాల్చడం, మాడినది ఇతరులకు పెట్టకపోవడం ఆమె అన్నానికి చేసిన మర్యాద. నా యంత్రం ఆ మర్యాదను తోసిపుచ్చడం లేదు.

కొలవడం నింద కాదని నా తీర్పు. దోషాన్ని వస్తువు స్వభావంగా మార్చడం, సంఖ్యను బరువు లేకుండా జనం మీదికి వదలడం, ఈ రెండూ నింద. అందుకే ఒక విన్నపం చేస్తున్నాను. పాశ్చాత్యుల చిప్స్, రొట్టెల లెక్కలతో మన పండగల గురించి మాట్లాడటం న్యాయం కాదు. సకినాలు, మురుకులు, చెక్కలు, చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి, వీటిని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంగళ్ల నుంచే తీసుకుని కొలవాలి. ఎంతుందో, అటూ ఇటూ ఎంతో, ఒక మనిషి రోజుకు తినే కొలతలో అది ఎంతవుతుందో, ఏం మార్చితే తగ్గుతుందో తెలుగులో ప్రకటించాలి. నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలను, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను ఈ పని చేపట్టమని కోరుతున్నాను. మీ ఇంట్లో ఈ లోపు చేయగలిగింది ఒకటుంది: పిల్లలకు వేయించేది లేత బంగారు రంగులోనే దించండి.